తోలుతిత్తి నుండి ఫ్లోట్ ట్యూబు వరకు
(సరస్సులలో చేపల వేటకు తేలే సాధనాన్ని ఎన్నుకొనుట)

చేపకు మొప్పలు కలవు. బాతుకు నీరంటని ఈకలు కలవు. మానవునకు ప్రకృతి ఈ రెండింటిలో ఏదియు ఇవ్వలేదు. కావున నీటిపై నిలువగోరినపుడెల్ల అతడు గాలిని ఏదో ఒక సంచిలో బంధించి, దానినే ఆసరాగా చేసికొన్నాడు. ఇరాక్‌లోని నిమ్రూద్‌లో బయల్పడి నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అస్సీరియా శిలాఫలకాలపై, క్రీ.పూ. 9వ శతాబ్దపు సైనికులు ఉబ్బించిన తోళ్ళను రొమ్ము క్రింద ఉంచుకొని నదిని ఈదుచున్న దృశ్యం చెక్కబడి ఉన్నది.

అంత దూరం పోనక్కరలేదు. 1539లో చౌసా యుద్ధంలో షేర్‌ఖాన్ చేతిలో ఓడిన హుమాయూన్ గంగలో మునిగిపోవుచుండగా, నిజాం అను భిస్తీ తన మష్క్‌ను గాలితో నింపి ఆయనను గట్టు చేర్చిన కథ మన ఉర్దూ విభాగపు విద్యార్థులందరికీ తెలిసినదే. ఆ కృతజ్ఞతతో చక్రవర్తి ఆ నీళ్ళు మోయువానిని కొద్దికాలం సింహాసనంపై కూర్చుండబెట్టెను. ఒక భిస్తీకి ఈ గౌరవం దక్కిన సంగతిని హుమాయూన్ సోదరి గుల్బదన్ బేగం తన 'హుమాయూన్ నామా'లో పేర్కొన్నది. చరిత్ర విద్యార్థులు ఇందులో రాజు ఔదార్యాన్ని చూతురు. భౌతికశాస్త్ర విద్యార్థి అడుగవలసిన ప్రశ్న వేరు: ఒక మేకతోలు తిత్తి అంత మనిషిని ఎట్లు మోసినది? ఈ వ్యాసానికి ఆ ప్రశ్నయే పునాది.

సింధునదిపై పల్లా చేపను పట్టు జాలరులు పూర్వం పెద్ద మట్టికుండ మూతిపై బోర్లపడుకొని, పొట్టతోనే ఆ మూతిని మూసి, చేతులతో కాళ్ళతో ఈదుచు వలవేసెడివారు. పడిన చేప ఆ కుండలోనికే పోయెడిది. పడవయు అదే, బుట్టయు అదే. నేడు అమెరికాలో గాలపు వేటగాండ్రు వాడు ఫ్లోట్ ట్యూబుకు 'బెల్లీ బోట్', అనగా 'పొట్ట పడవ' అను ముద్దుపేరు కలదు. ఆ పేరు సింధు జాలరి కుండకే ఎక్కువ తగునని మా అభిప్రాయం.

ఫ్లోట్ ట్యూబు అనగా ఒక మనిషి కూర్చుండదగిన గాలి ఆసనం. వేటగాడు నడుము వరకు, లేదా మోకాళ్ళ వరకు నీటిలో ఉండును. పాదాలకు బాతుకాళ్ళ వంటి రబ్బరు రెక్కలు తొడిగికొని, వాటితో తన్నుచు వెనుకకు కదలును. కాళ్ళే తెడ్లగుటచే చేతులు రెండును గాలానికి మిగులును. ఇంజను మోత లేదు, తెడ్డు చప్పుడు లేదు, చేప బెదరదు. తొలినాటి ఫ్లోట్ ట్యూబు లారీ ట్యూబునకు గట్టి గుడ్డ తొడుగును, నడుమ వస్త్రపు పీటను అమర్చినదే తప్ప మరేమియు కాదు. మన చెరువులలో లారీ ట్యూబుపై కూర్చుండి వల దింపు బెస్తవానికిని, అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో హెన్రీస్ లేక్ అను సరస్సుపై ట్రౌట్ చేపకై వేచియుండు వానికిని ఆధారమైన సూత్రం ఒక్కటే. అవసరాలు మాత్రం వేరు. ఆ తేడాను గుర్తింపక ఒకరి సాధనాన్ని మరొకరు అనుకరించుటలోనే ప్రాణాపాయం కలదు.

మొదట సూత్రం. ద్రవంలో మునిగిన వస్తువుపై, అది తొలగించిన ద్రవపు బరువునకు సమానమైన బలం పైకి పనిచేయునని ఆర్కిమెడీజ్ చెప్పెను. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. ఒక లీటరు గాలి గ్రామున్నరకైనను తూగదు. కావున నీటి క్రిందికి అదిమిన ప్రతి లీటరు గాలియు ఇంచుమించు ఒక కిలో బరువును మోయును. ఇక ఒక లారీ ట్యూబును కొలిచి చూతము. గాలి కొట్టిన పిమ్మట దాని బయటి వ్యాసం 1 మీటరు, గొట్టపు లావు 25 సెంటీమీటర్లు అనుకొందము. గొట్టపు అడ్డకోత వైశాల్యం సుమారు 491 చదరపు సెంటీమీటర్లు. గొట్టపు మధ్యరేఖ చుట్టుకొలత సుమారు 236 సెంటీమీటర్లు. రెండింటిని గుణించిన 1,15,000 ఘన సెంటీమీటర్లకు కొంచెం పైన, అనగా 115 లీటర్లు వచ్చును. ట్యూబు సొంత బరువును తీసివేసినను, అది పూర్తిగా మునుగుటకు ముందు 110 కిలోల వరకు మోయగలదు.

70 కిలోల మనిషికి ఇది ఎక్కువయే అనిపించును. నిజమునకు ఇంకను ఎక్కువ. మానవ శరీరపు సాంద్రత నీటి సాంద్రతకు ఇంచుమించు సమానం. కావున నీటిలో మునిగియున్న కాళ్ళు, తుంటి భాగం తమ బరువును తామే మోసికొనును. ట్యూబుపై పడునది నీటికి పైన ఉన్న భాగపు బరువు మాత్రమే. నడుము వరకు మునిగి కూర్చున్నవాడు ట్యూబుపై మోపు భారం తన బరువులో సగం ప్రాంతం. హుమాయూన్ కథలోని చిక్కు కూడ ఇక్కడనే విడిపోవును. ఈదువానికి తలయు, కొంచెం భుజాలును పైనుండిన చాలును. వాటి బరువు పది కిలోలకు మించదు. తిత్తిలో 30 లీటర్ల గాలి పట్టినదనుకొన్నను చక్రవర్తికి అది మూడింతల ఆసరా. నేటి లైఫ్ జాకెట్లలో సాధారణపు రకం ఇచ్చు ఉత్ప్లవన బలం 7 కిలోల ప్రాంతమే అయినను, అది ప్రాణాన్ని నిలుపుటకు చాలుచున్నది.

అట్లయిన ఎంపికలో కష్టమెక్కడ? బరువు మోయుటలో లేదు. తిరగబడుటలో, చినుగుటలో, గాలికి కొట్టుకొనిపోవుటలో ఉన్నది.

ఫ్లోట్ ట్యూబుల ఆకారాలు ముఖ్యంగా మూడు. గుండ్రని ట్యూబు అన్నింటికంటె పాతది, చవుక. దానిలో మనిషి నీటిలో లోతుగా కూర్చుండును; గురుత్వ కేంద్రం క్రిందుగా ఉండుటచే స్థిరత్వం ఎక్కువ. ఎత్తు తక్కువగుటచే గాలి తాకిడియు తక్కువ. అయితే దీనిలోనికి దిగుట చొక్కా తొడిగికొనుట వంటిది. నలువైపుల గొట్టం, నడుమ వస్త్రపు పీట, పీట రంధ్రాలలో నుండి దిగిన కాళ్ళు. ఏ కారణంచేతనైనను ఇది బోర్లపడినచో తల క్రిందికి, కాళ్ళు పైకి చిక్కుకొనిపోవును. ట్యూబు తేలుచునే ఉండును. మనిషి దాని క్రింద ఉండును. తేలే సాధనమే ఉరియగు ఈ ప్రమాదం కొనువానికి దుకాణంలో కనబడదు. గుండ్రని ట్యూబునే వాడక తప్పనివారు పీట పట్టీకి ఒక్క లాగుతో ఊడే బకిలు ఉన్నదో లేదో మొదట చూడవలెను.

రెండవది గుర్రపు లాడం వలె ముందువైపు తెరచియున్నది. దీనిలో వెనుకకు నడిచి కూర్చుండవచ్చును, ఆపదలో ముందుకు జారి బయటపడవచ్చును. మూడవది రెండు కోలగొట్టాలు వెనుక కొసన కలిసికొని ఆంగ్ల 'వి' అక్షరం వలె ఉండునది. వెనుకకు కదలునపుడు కొస నీటిని కోయును గనుక శ్రమ తక్కువ, దారి నిటారు. ఇందులో ఆసనం నురుగు దిమ్మెతో ఎత్తుగా ఉండి, తొడలను నీటికి పైననే ఉంచును. ఎత్తు పెరిగినకొలది శరీరం పొడిగా, వెచ్చగా ఉండును గాని, గాలికి ఎదురు నిలుచు భాగం పెరుగును. ఒక సుఖాన్ని కొన్నచో మరియొక సుఖాన్ని అమ్మవలసి వచ్చును. మాకు అడిగినచో, ముందు తెరచియున్న రెండింటిలో ఏదైనను గుండ్రని దానికంటె మేలు. ధరలోని తేడా ప్రాణం ధరకు తక్కువయే.

గాలి సంగతి కొంచెం వివరింపవలెను. గాలి తోపుడు దాని వేగపు వర్గంతో పెరుగును. వేగం రెట్టింపైనచో తోపుడు నాలుగింతలు, మూడింతలైనచో తొమ్మిదింతలు. కాలి రెక్కలతో తన్నువాని బలం మాత్రం పెరుగదు, గంటగంటకు తగ్గును. కావున గంటకు 10 కిలోమీటర్ల గాలిలో సుఖంగా సాగినవాడు 20 కిలోమీటర్ల గాలిలో అంగుళం కదలలేకపోవచ్చును. తెలిసినవారు వేట ఆరంభంలో గాలికి ఎదురుగా పోదురు. అలసిన పిమ్మట గాలియే వారిని ఒడ్డుకు చేర్చును. కొత్తవారు దీనికి విరుద్ధంగా గాలివాలున హాయిగా సరస్సు నడుమకు పోయి, తిరిగి రాలేక అలమటింతురు. మధ్యాహ్నం పైన మబ్బు పట్టు ఋతువులో ఇది మరింత నిజం.

ఇక ట్యూబు చేయబడిన పదార్థం. లారీ ట్యూబులు సాధారణంగా బ్యూటైల్ రబ్బరుతో చేయబడును. ఈ కృత్రిమ రబ్బరు 1937లో అమెరికాలో కనుగొనబడినది. సహజ రబ్బరు గుండా కంటె దీని గుండా గాలి ఎన్నో రెట్లు తక్కువగా జారిపోవును గనుకనే ట్యూబులకు ఇది నిలిచినది. బలమైనదే, కాని బరువు, పైగా ఒకే గది. ఒక ముల్లు గుచ్చుకొనిన అంతయు పోవును. నేటి ఫ్లోట్ ట్యూబులలో లోపలి తిత్తి వినైల్‌తోనో, పాలీయురిథేన్‌తోనో చేయబడి, పైన నైలాన్ లేదా పాలియెస్టర్ గుడ్డ తొడుగు ఉండును. వినైల్ చవుక, కాని చలికి బిరుసెక్కి మడతల వద్ద పగులును. పాలీయురిథేన్ ఖరీదు ఎక్కువ, తేలిక, చివుకదు. అయితే పదార్థం కంటె ముందు చూడవలసినది గదుల సంఖ్య. కుడి ఎడమల వేర్వేరు గదులు, ఆసనం వెనుక మరియొకటి, ఆసనంలో నురుగు దిమ్మె ఉన్నచో, ఒకటి చినిగినను మిగిలినవి మనిషిని ఒడ్డునకు తెచ్చును. ఒకే గది గల దానిని ఎంత చవుకగా ఇచ్చినను కొనరాదు.

కంపెనీలు తమ ట్యూబుపై మోయగల బరువును ముద్రింతురు. కొనువాడు తన బరువుతో పాటు తడిసిన దుస్తులు, గాలాలు, రెక్కలు, పట్టిన చేపలు అన్నింటిని కూడి, ఆ మొత్తం ముద్రిత సంఖ్యలో మూడు వంతులకు మించకుండునట్లు చూచుకొనుట మేలు. ఒక గది పోయిననాడు ఆ నాలుగవ వంతు విలువ తెలియును.

గాలి ఎంత కొట్టవలెనను ప్రశ్నకు మన ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలోనే సమాధానం కలదు. కాని దానిని చెరువు గట్టున గుర్తు తెచ్చుకొనువారు తక్కువ. 27 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద, అనగా పరమ ఉష్ణోగ్రత 300 వద్ద, ట్యూబులోని పీడనం 1.10 వాతావరణాలు అనుకొందము. బయట ఒక వాతావరణం ఉన్నది గనుక గొట్టపు గోడపై పడు అదనపు పీడనం 0.10 మాత్రమే. ఈ ట్యూబును ఎండలో వదలగా అది 57 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. పరమ ఉష్ణోగ్రత 330, అనగా పదవ వంతు పెరిగినది. గొట్టం సాగలేదనుకొన్నచో లోపలి పీడనం కూడ పదవ వంతు పెరిగి 1.21 అగును. పెరిగినది కొంచెమే అనిపించును. కాని బయటి ఒక వాతావరణాన్ని తీసివేసి చూడుడు: గోడపై అదనపు పీడనం 0.10 నుండి 0.21కి, అనగా రెట్టింపునకు మించి పెరిగినది! ఒడ్డున ఎండలో ఉంచిన ట్యూబులు కుట్లు తెగి పగులుటకు ఇదే కారణం. నీటి నుండి తీసిన వెంటనే కొంత గాలి వదలి నీడన ఉంచవలెను.

దీనికి వ్యతిరేకం కూడ జరుగును. ఎండవేళ గట్టుపై బిగువుగా కొట్టిన ట్యూబు చల్లని నీటిలోనికి దిగగానే వదులై, కూర్చున్నవానిని క్రుంగదీయును. అది చిల్లి కాదు, చార్లెస్ సూత్రం. దిగిన పది నిమిషాల పిమ్మట ఒడ్డుకు వచ్చి మరికొంత గాలి కొట్టుకొనవలెను. ఎత్తు ప్రదేశాల సమస్య ఇంకొకటి. హెన్రీస్ లేక్ సముద్రమట్టానికి సుమారు 1,970 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి వాతావరణ పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో అయిదింట నాలుగు వంతులే. క్రిందనే గాలి కొట్టి కారుపై కట్టికొని పోయినవాని ట్యూబు, సరస్సు చేరుసరికి తాకిన పగులునట్లుండును. గాలి సరస్సు వద్దనే కొట్టవలెనని అచ్చటివారు చెప్పుటలో మూఢాచారమేమియు లేదు.

అటువంటి కొండ సరస్సులలో వేసవిలోను నీరు చల్లనే. నీరు నిశ్చలమైన గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని హరించును. కావున అచ్చటి వేటగానికి నడుముపై వరకు వచ్చు నియోప్రీన్ కాలుడుపులు విలాసం కాదు, అవసరం. మన వైపు చెరువులలో ఆ భయం లేదు. కాని మనకు ఉన్న భయాలు వారికి లేవు.

మొదటిది తుమ్మ. మన చెరువులు ఎండినపుడు శిఖంలో నల్లతుమ్మయు, సర్కారు తుమ్మయు మొలచి, వానలు పడగానే మునిగిపోవును. పైకి కనబడని ఆ ముండ్లు లారీ ట్యూబునకు యమదూతలు. రెండవది గుర్రపుడెక్క, దాని వేళ్ళలో చిక్కుకొన్న కాలిరెక్క ఊడి రాదు. మూడవది వలలు. సన్నని నైలాన్ దారపు వలలు నీటిలో కంటికి కనబడవు, కాలికి మాత్రం చుట్టుకొనును. ఫ్లోట్ ట్యూబు వేటగాడు నడుముకు ఒక చిన్న కత్తిని ఒరతో కట్టికొనవలెనను నియమం మన చెరువులలో ఎక్కువగా వర్తించును. నాలుగవది మొసలి. మంజీరా జలాశయంలోను, నాగార్జునసాగర్‌లోను మొసళ్ళు కలవు. కాళ్ళు నీటిలో వ్రేలాడదీసి కూర్చుండు సాధనం అట్టిచోట ఎంత ఖరీదైనదైనను పనికిరాదు. ఇక హుస్సేన్‌సాగర్ వంటి మురుగు చేరిన నీటిలో సగం శరీరాన్ని గంటల తరబడి నానబెట్టుట ఆరోగ్యానికి ఎట్టిదో చెప్పనక్కరలేదు. పెక్కు చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల కౌలులో ఉండును. వారి అనుమతి లేక గాలం వేయుట న్యాయం కాదు.

ఈ కారణాల చేతనే కాబోలు, మన జాలరులు ఎవరి నీటికి తగిన సాధనాన్ని వారు ఎన్నుకొన్నారు. కొల్లేటిలో తాటిమాను తొలిచిన దోనె; కృష్ణలో వెదురు బద్దలతో అల్లిన పుట్టి; తెలంగాణ చెరువులలో లారీ ట్యూబు, ఇటీవలి కాలంలో థర్మోకోలు తెప్ప. ఈ తెప్పను చదువుకొన్నవారు చూచి నవ్వుదురు గాని లెక్క వేయరు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం గల థర్మోకోలు దిమ్మె ఘనపరిమాణం 200 లీటర్లు; దాని సొంత బరువు కొద్ది కిలోలే. మనిషిని, వలను, చేపలను మోసి ఇంకను మిగులును. దానికి గాలి కొట్టనక్కరలేదు, ముల్లు గుచ్చుకొన్నను మునుగదు, కాళ్ళు నీటిలో ఉంచనక్కరలేదు. వల దించువానికి ఫ్లోట్ ట్యూబు కంటె ఇదియే మేలని మేము నిస్సంకోచంగా చెప్పుదుము. దోషాలు లేకపోలేదు: పెళుసుగా విరుగును, పెట్రోలు తగిలిన కరుగును, రాలిన పొడి నీటిని చెరచును. సంచి గుడ్డతోనో ప్లాస్టిక్ పట్టాతోనో గట్టిగా కుట్టినచో కొంతవరకు నివారింపవచ్చును.

అయితే ట్యూబుపై గాని తెప్పపై గాని పోవు మన జాలరులలో లైఫ్ జాకెట్ ధరించువారు అరుదు. ఈత వచ్చునని వారి ధీమా. కాలికి వల చుట్టుకొన్నవానికి ఈత అక్కరకు రాదు. సెలవులలో లారీ ట్యూబు అద్దెకు తెచ్చుకొని చెరువులో దిగు విద్యార్థి మిత్రుల ధీమా ఇంకను చిత్రమైనది. వారిలో కొందరికి ఈతయు రాదు. మన కళాశాల విహారయాత్రలు పెక్కు జలాశయాల గట్లకే పోవుచున్నవి. కావున యాత్ర సామగ్రిలో వంటపాత్రలతో పాటు అరడజను లైఫ్ జాకెట్లు, ఇరువది మీటర్ల త్రాడు చేర్చవలెనని కమిటీ పెద్దలకు ఈ పుటల ద్వారా మనవి చేయుచున్నాము.

కొన్న సాధనాన్ని పరీక్షించుట మిగిలినది. చీనాబ్ నదిని ప్రతి రాత్రి కుండపై దాటిన సోహ్నీ, ఆడబిడ్డ కాల్చని కుండను మార్చి పెట్టిన రాత్రి నడినీటిలో మునిగిపోయిన కథ పంజాబులో అందరికీ తెలియును. ఆమె చీకటిలో కుండను తట్టి చూడలేదు. మన సైకిలు దుకాణపువాడు ట్యూబును తొట్టిలో త్రిప్పి బుడగల కోసం చూచునట్లే, కొత్త ట్యూబునైనను సబ్బు నీటితో కుట్ల వెంబడి, వాల్వు చుట్టును తడిపి చూడవలెను. పిమ్మట గాలి కొట్టి, ఒక రాత్రియు ఒక పగలును నీడన ఉంచి, బిగువు తగ్గినదేమో చేతితో నొక్కి చూడవలెను. చిన్న చిల్లి అయిదు నిమిషాలలో బయటపడదు. లారీ ట్యూబు అయినచో దాని పొడవాటి ఇత్తడి వాల్వు తొడకు గుచ్చుకొనకుండ గుడ్డ చుట్టి క్రిందివైపునకు కట్టవలెను. మొదటి దిగుడు నడుము లోతు నీటిలో, తోడు మనిషి గట్టుననుండగా జరుగవలెను. రెక్కలు తొడిగినవాడు ముందుకు నడచినచో తట్టుకొని పడును. వీపు నీటివైపు త్రిప్పి వెనుకకు నడువవలెను. ఆ లోతులోనే ఒకసారి కావలెనని బోర్లపడి, ఎంతసేపటిలో బయటపడగలుగుచున్నాడో చూచుకొనవలెను. వేట ముగిసిన పిమ్మట మంచినీటితో కడిగి, ఆరబెట్టి, సగం గాలితో వ్రేలాడదీయవలెను. మడిచి మూలన పెట్టినచో మడతలు పగులును, ఎలుకలు కొరుకును.